ఐదుగురూ గెలిచాడన్నారు, యంత్రం ఓడాడంది

1992 బార్సిలోనా ఒలింపిక్స్. అమెరికా బాక్సర్ ఎరిక్ గ్రిఫిన్, స్పెయిన్ బాక్సర్ రఫాయెల్ లొజానో తలపడ్డారు. రింగు చుట్టూ ఐదుగురు జడ్జిలు. బౌటు ముగిశాక ఎవరి లెక్క వారిది విడదీసి చూస్తే ఐదుగురి దగ్గరా గ్రిఫిన్‌దే పైచేయి. ఆ ఐదు లెక్కలనూ కూడితే గ్రిఫిన్‌కు 81, లొజానోకు 50. కానీ రెఫరీ పైకెత్తింది లొజానో చెయ్యి. అధికారిక స్కోరు 6-5.

యంత్రం చెడిపోలేదు. తనకు అప్పగించిన పనే చేసింది. ఒక్కో జడ్జి చేతిలో రెండు మీటలు, ఎరుపు మూలకు ఒకటి, నీలం మూలకు ఒకటి. దెబ్బ తగిలిందనుకున్న జడ్జి ఆ రంగు మీట నొక్కుతాడు. అయితే ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల అదే మీట నొక్కితేనే పాయింటు. ఇద్దరు నొక్కి, మూడోవాడు ఆ సెకను దాటాక నొక్కితే ఆ దెబ్బ గాలిలో కలిసిపోయినట్టే. గ్రిఫిన్ దెబ్బలను జడ్జిలు చూశారు, ఒప్పుకున్నారు కూడా. ముగ్గురూ ఒకే క్షణంలో చూడలేదు, అంతే.

ఇంత వింత ఏర్పాటు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే నాలుగేళ్లు వెనక్కి, 1988 సియోల్‌కు వెళ్లాలి. ఫైనల్లో అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ జూనియర్, ఆతిథ్య దేశం దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సీ హున్‌తో ఆడాడు. టీవీవాళ్లు లెక్కించిన ప్రకారం జోన్స్ కొట్టినవి 86, తిన్నవి 32. జడ్జిలు 3-2తో పార్క్‌ను గెలిపించారు. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ శైలికి ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని మాత్రం ఓడిన జోన్స్‌కే ఇచ్చారు. క్షమాపణ చెప్పకుండానే తప్పు ఒప్పుకోవడం బహుశా ఇదే. జడ్జి మనసులో ఏముందో తెలియదు కాబట్టి మనసును పక్కనబెట్టి వేలిని నమ్ముదాం అన్న ఆలోచన ఆ అవమానం తర్వాతే బలపడింది. వేలికి కూడా మనసుంటుందని బార్సిలోనాలో తెలిసింది.

అమెచ్యూర్ బాక్సింగ్‌లో రెఫరీ, జడ్జి ఉద్యోగాల చరిత్రంతా ఈ దారిలోనే నడిచింది. నమ్మకం చెడినప్పుడల్లా ఒక కొత్త యంత్రమో, ఒక కొత్త నియమమో వస్తుంది. అది పాత తప్పును ఆపుతుంది, దానితో పాటు తన సొంత తప్పునొకదాన్ని తెస్తుంది. కుర్చీలో కూర్చున్నవాడిని ఎవరు ఎంపిక చేశారు, ఎందుకు చేశారు అన్న ప్రశ్న జోలికి మాత్రం చాలాకాలం ఎవరూ పోలేదు.

ముందు ఆ కుర్చీ సంగతి. రింగు తాళ్ల లోపలి కొలత ఒక్కో వైపు 6.1 మీటర్లు. జడ్జి దాని అంచున, కింద కూర్చుని తల కాస్త పైకెత్తి చూస్తాడు. టీవీ కెమెరా పైనుంచి చూస్తుంది, నాలుగు కోణాల్లో చూస్తుంది, మళ్లీ నెమ్మదిగా చూపిస్తుంది. జడ్జికున్నది ఒకే కోణం, ఒకే అవకాశం. ఎరుపు బాక్సర్ వీపు అతని వైపు ఉంటే ఆ వీపు వెనక జరిగేదంతా ఊహే. దానికి తోడు రింగులో రెఫరీ అనే మూడో మనిషి కదులుతూ అడ్డు వస్తుంటాడు. ఐదుగురిని వేర్వేరు వైపుల కూర్చోబెట్టేది అందుకే. ఒకరికి కనబడనిది ఇంకొకరికి కనబడుతుందన్న ఆశ. 3-2 తీర్పు రాగానే ఎవరో అమ్ముడుపోయారని అనేస్తాం. చాలాసార్లు ఆ ఇద్దరూ ఆ ముగ్గురూ నిజంగానే వేర్వేరు ఆటలు చూసి ఉంటారు.

దెబ్బ అంటే ఏ దెబ్బైనా కాదు. గుప్పిట మూసిన గ్లవ్‌లో పిడికిలి కణుపుల భాగం తగలాలి. తగిలేది తల ముందు భాగమో పక్క భాగమో, లేదంటే బెల్టుకు పైన శరీరమో కావాలి. ఎదుటివాడు చేతులతో అడ్డుకోకూడదు. వెనక భుజం బలమో, శరీరం బరువో ఉండాలి. తెరిచిన గ్లవ్‌తో చెంపదెబ్బలా కొట్టినది లెక్కకు రాదు, పైగా తప్పు. గ్లవ్ మీద గ్లవ్ పడితే ధన్‌మని పెద్ద శబ్దం వస్తుంది, గ్యాలరీ హోరెత్తుతుంది, పాయింటు మాత్రం ఉండదు. డొక్కలో దిగిన దెబ్బకు శబ్దం తక్కువ, అరుపులు అసలుండవు, విలువ మాత్రం పూర్తిగా ఉంటుంది. కొత్త జడ్జి చెవులతో స్కోరు వేస్తాడు. చెవులు మూసుకుని కళ్లతో వేయడం అలవాటయ్యేసరికి కొన్నేళ్లు పడుతుంది.

ఇక రెఫరీ. చాలామందికి తెలియని విషయం ఒకటుంది: అమెచ్యూర్ బాక్సింగ్‌లో రెఫరీకి ఓటు లేదు. ఎవరు గెలిచారో తేల్చేది జడ్జిలు. ఫలితం ప్రకటించేటప్పుడు ఇద్దరి మణికట్లూ పట్టుకుని మధ్యలో నిలబడే రెఫరీ కూడా ప్రకటన కోసమే ఎదురుచూస్తుంటాడు. అతని భాష మూడు మాటలు: స్టాప్, బాక్స్, బ్రేక్. ఆపండి, ఆడండి, విడిపోండి. బ్రేక్ అన్నప్పుడు ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేసి, ఆ తర్వాతే మళ్లీ కొట్టాలి. ఏ దేశంలో ఆడినా మాటలు ఇవే. అందుకే పైస్థాయి రెఫరీకి ఎన్ని భాషలొచ్చినా ఇంగ్లీషు రాక తప్పదు.

ఆ పనిలోని కష్టం తెలియాలంటే ఎనిమిది లెక్కను దగ్గరగా చూడాలి. ఒక బాక్సర్ గదమ మీద దెబ్బ తిని మోకాలి మీద కూలాడు. రెఫరీ మొదట రెండోవాడిని తటస్థ మూలకు పంపాలి. వాడు కదలకపోతే లెక్క మొదలవదు. తర్వాత పడినవాడి ముందు నిలబడి, వేళ్లు చూపిస్తూ, గట్టిగా లెక్కపెట్టాలి. వాడు రెండు దగ్గరే లేచి నిలబడినా ఎనిమిది దాకా లెక్క ఆగదు. ఆ కొద్ది సెకన్లలో రెఫరీ లెక్కపెట్టడం ఒక్కటే కాదు, పరీక్ష కూడా చేస్తున్నాడు. కళ్లు నా వేళ్ల వెంట కదులుతున్నాయా, ఎటో చూస్తున్నాయా? పాదాలు నేలమీద నిలకడగా ఉన్నాయా? తాళ్లను పట్టుకునే లేచాడా? చేతులు వాటంతటవే పైకి వచ్చాయా, నేను చెబితే వచ్చాయా? వాడి గ్లవ్స్‌ను పట్టుకుని తుడవడంలో కూడా పరీక్ష ఉంది, చేతుల్లో పట్టు ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఎనిమిది అన్నాక మిగిలినవి రెండే దారులు. బాక్స్ అనాలి, లేదా రెండు చేతులూ అడ్డంగా ఊపి బౌటు ముగించాలి. బాక్స్ అన్నాక కొత్త దెబ్బ తగలకుండానే వాడు మళ్లీ కూలిపోతే లెక్క ఒకటి నుంచి కాదు, తొమ్మిది నుంచి.

తొందరగా ఆపితే గ్యాలరీ తిడుతుంది, కోచ్ నీళ్ల సీసా విసిరేస్తాడు, మర్నాడు పేపర్లు రాస్తాయి. ఆలస్యంగా ఆపితే ఆ రాత్రి స్కాన్ తీసే గది బయట కూర్చోవాల్సి వస్తుంది. రెండు తప్పులూ ఒకే తూకంవి కావు. అందుకే అనుభవమున్న రెఫరీ తిట్లు తినడానికే సిద్ధపడి రింగెక్కుతాడు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. అర నిమిషం ముందు ఆపారని గొంతు చించుకునేవాళ్లలో ఎవరూ ఆ దెబ్బ తినడానికి సిద్ధంగా ఉండరు.

ప్రొఫెషనల్ బాక్సింగ్ చూసి అలవాటైనవాళ్లు ఇక్కడ ఒకచోట పొరబడతారు. అక్కడ కిందపడితే ఆ రౌండులో సాధారణంగా ఒక పాయింటు అదనంగా పోతుంది. అమెచ్యూర్‌లో అలా ఉండదు. పడగొట్టిన దెబ్బ కూడా ఒక మంచి దెబ్బే, దాని విలువను జడ్జి రౌండు మొత్తంలో చూసుకుంటాడు. లెక్క పెట్టించుకున్నవాడు ఆ రౌండు గెలిచిన సందర్భాలూ ఉంటాయి.

ఓటు లేకపోయినా రెఫరీ ఫలితాన్ని తిప్పగలడు, తప్పులు పట్టి. పట్టుకుని వేలాడటం, బెల్టు కింద కొట్టడం, తలతో పొడవడం, మెడ వెనక కొట్టడం, అసలు ఆడకుండా కాలం గడపడం, ఇవన్నీ తప్పులే. ముందు మందలింపు, తర్వాత అధికారిక వార్నింగ్. ఇప్పుడు ఒక్కో వార్నింగ్‌కు ఒక పాయింటు పోతుంది, మూడో వార్నింగ్‌తో ఆటే పోతుంది. 1952 హెల్సింకీ హెవీవెయిట్ ఫైనల్లో స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ యోహాన్సన్ పోరాడటం లేదని రెఫరీ అతన్ని తప్పించాడు. రజత పతకం కూడా ఇవ్వలేదు. అది అతని చేతికందడానికి 1982 వచ్చింది. ఈలోగా ఆయన ప్రొఫెషనల్ హెవీవెయిట్‌లో ప్రపంచ విజేత కూడా అయ్యాడు.

రెఫరీ ఏమీ చేయకపోవడం కూడా ఫలితాన్ని తిప్పుతుంది. 2012 లండన్‌లో భారత బాక్సర్ వికాస్ కృషన్, అమెరికా బాక్సర్ ఎరల్ స్పెన్స్‌ను 13-11తో ఓడించాడు. అమెరికా జట్టు అప్పీలు చేసింది. వీడియో చూసిన కమిటీ, మూడో రౌండులోనే వికాస్ తొమ్మిది సార్లు పట్టుకున్నాడని, రెండో రౌండులో పళ్లకు పెట్టుకునే గమ్‌షీల్డ్‌ను కావాలనే ఉమ్మేశాడని తేల్చింది. రెఫరీ ఇచ్చిన మందలింపు ఒక్కటే. కనీసం రెండు వార్నింగ్‌లు ఇవ్వాల్సింది, అప్పటి నియమంలో ఒక్కో దానికి ఎదుటివాడికి రెండు పాయింట్లు. స్పెన్స్‌కు నాలుగు కలిపారు, 15-13. జడ్జిలు నొక్కిన మీటలను ఎవరూ తాకలేదు. రెఫరీ ఇవ్వని వార్నింగ్‌లను గది లోపల కూర్చుని ఇచ్చారు.

అదే లండన్‌లో జపాన్ బాక్సర్ సతోషి షిమిజు మూడో రౌండులో ప్రత్యర్థిని ఆరుసార్లు కింద పడేశాడు. రెఫరీ లెక్క మొదలెట్టలేదు, పడినవాణ్ణి లేపి తలకు హెడ్‌గార్డ్ సరిచేశాడు. తీర్పు పడినవాడివైపే వచ్చింది, తర్వాత అప్పీలులో మారింది. రెఫరీని ఒలింపిక్స్ మధ్యలోనే ఇంటికి పంపారు.

బార్సిలోనాలో ఒలింపిక్స్‌లోకి వచ్చిన మీటలు అప్పటికి ఇరవై ఏళ్లు బతికాయి. వాటికి తగ్గట్టు ఆటే మారిపోయింది. జడ్జికి కనబడే దెబ్బే దెబ్బ కాబట్టి బాక్సర్లు డొక్కల్లో కొట్టడం మానేసి, దూరం నుంచి తలను తాకించి పారిపోయే ఆటకు దిగారు. 2013లో మీటలను తీసేసి ప్రొఫెషనల్ తరహా పద్ధతి తెచ్చారు. ప్రతి రౌండుకు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. ఆధిపత్యం స్పష్టంగా ఉంటే 8, ఏకపక్షమైతే 7. లెక్కలోకి తీసుకునేవి నాణ్యమైన దెబ్బలు, ఆట మీద పట్టు, పోరాడే తత్వం. మొదటిది కంటికి కనిపించేది, మూడోది దాదాపు అభిప్రాయమే. జడ్జి రౌండు ముగిసిన కొద్ది సెకన్లలోనే అంకె పంపేయాలి. పంపాక మార్చడానికి లేదు.

ఈ పద్ధతిలో చూసేవాళ్లను తికమకపెట్టే చోటు ఒకటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలైలో, మేరీ కోమ్ కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వాలెన్సియాతో ఆడింది. మొదటి రౌండు 4-1తో వాలెన్సియాది. తర్వాతి రెండు రౌండ్లూ 3-2తో మేరీవి. మూడింట రెండు గెలిచింది కదా! మేరీ కూడా గెలిచాననే అనుకుంది. ఫలితం 3-2తో వాలెన్సియాకు. నిజానికి రౌండు గెలవడం అనేది స్కోరు పుస్తకంలో లేనే లేదు. ప్రతి జడ్జీ తన మూడు రౌండ్ల అంకెలను తానే కూడుకుంటాడు, పక్కవాడి అంకెతో అతనికి పనిలేదు. మూడు రౌండ్లు, ఐదుగురు జడ్జిలు, మొత్తం పదిహేను ఓట్లు. మేరీకి వచ్చినవి 1, 3, 3 కలిపి ఏడు. వాలెన్సియాకు ఎనిమిది. ముగ్గురి కాగితం మీద వాలెన్సియా ముందుంది, అంతే. తీర్పు న్యాయమా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు, లెక్క మాత్రం తప్పలేదు.

ఇప్పుడు ఈ కుర్చీ దాకా మనిషి ఎలా వస్తాడు? సాధారణంగా మాజీ బాక్సరో, కోచో ముందు స్థానిక పోటీల్లో గంట కొట్టడం, సమయం చూడటం లాంటి పనులతో మొదలుపెడతాడు. తర్వాత జాతీయ పరీక్ష. దాని తర్వాత అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చే నక్షత్రాల మెట్లు, ఒకటి, రెండు, మూడు. ఒలింపిక్స్‌కు పై మెట్టు కావాలి. రాత పరీక్ష, రింగులో పరిశీలన, వైద్య పరీక్ష అన్నీ ఉంటాయి. రింగులో కళ్లద్దాలు పెట్టుకోకూడదు, కాంటాక్ట్ లెన్సులైతే ఫర్వాలేదు. ఒకే మనిషి పొద్దున రెఫరీగా రింగులో, సాయంత్రం జడ్జిగా కుర్చీలో ఉంటాడు. రెండు పనులకూ ఒకే అర్హత, రెండు చోట్ల కావాల్సిన చూపు మాత్రం వేరు.

దీన్ని ఉద్యోగమని పైన రాశాను కానీ, జీతమున్న ఉద్యోగం కాదు. ప్రయాణం, బస, రోజువారీ భత్యం, అంతే. బతుకుతెరువుకు ఇంకో పని ఉండాలి, అక్కడ సెలవు దొరకాలి. ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యం. పోటీకి నువ్వు దరఖాస్తు పెట్టుకుని వెళ్లలేవు. మీ దేశ సమాఖ్య పంపాలి, పైవాళ్లు పిలవాలి. పిలుపు రాకపోతే ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. డబ్బు కోసం కాకుండా పిలుపు కోసం పనిచేసే మనిషి మీద ఒత్తిడి తేవడానికి లంచం కూడా అక్కర్లేదు.

రింగులో ఇద్దరి దేశాలకూ చెందనివాడే రెఫరీ కావాలన్న తటస్థ నియమం ఉంది కదా అనవచ్చు. 1984 లాస్ ఏంజిలెస్ సెమీఫైనల్ గుర్తు చేసుకోవాలి. అమెరికా బాక్సర్ ఇవాండర్ హోలీఫీల్డ్, న్యూజిలాండ్‌కు చెందిన కెవిన్ బ్యారీని చితక్కొడుతున్నాడు. రెఫరీ స్టాప్ అన్నాడు, హోలీఫీల్డ్ ఎడమచేతి దెబ్బ అప్పటికే బయల్దేరింది. బ్యారీ కూలాడు. హోలీఫీల్డ్‌ను తప్పించారు, బ్యారీని గెలిపించారు. కానీ తల మీద నాకౌట్ దెబ్బ తిన్నవాడు దాదాపు నెలపాటు ఆడకూడదన్నది వైద్య నియమం. కాబట్టి బ్యారీ ఫైనల్ ఆడలేదు. స్వర్ణం పోటీ లేకుండానే రెండో ఫైనలిస్టు, యుగోస్లావియా బాక్సర్ ఆంటోన్ యోసిపోవిచ్‌కు దక్కింది. సెమీఫైనల్ రెఫరీ ఏ దేశంవాడు? యుగోస్లావియా. అతను తప్పు చేశాడని నేననడం లేదు, ఆదేశం తర్వాత దెబ్బ తగిలిన మాట నిజమే. తటస్థత నియమం రింగులో ఉన్న ఇద్దరినే చూసింది. బయట ఎదురుచూస్తున్న మూడోవాడిని చూడలేదు.

2016 రియోలో ఈ బొమ్మంతా బయటపడింది. ఐదుగురు జడ్జిలు స్కోరు వేస్తారు, అందులో ముగ్గురివి యంత్రం యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది, ఎవరివి లెక్కకొస్తాయో ముందు తెలియదు కాబట్టి కుమ్మక్కు కుదరదన్నారు. క్వార్టర్ ఫైనల్లో ఐర్లాండ్‌కు చెందిన మైకేల్ కాన్లన్ మీద రష్యా బాక్సర్ వ్లదీమిర్ నికితిన్‌ను గెలిపించారు. గెలిచిన నికితిన్ ఒళ్లంతా గాయాలతో సెమీఫైనల్ ఆడలేకపోయాడు. ఒలింపిక్స్ తర్వాత అక్కడ పనిచేసిన 36 మంది రెఫరీ-జడ్జిలనూ మొత్తంగా పక్కనబెట్టారు. 2021లో న్యాయ నిపుణుడు రిచర్డ్ మెక్‌లారెన్ దర్యాప్తు నివేదిక అసలు చోటుకు వెళ్లింది. ఏ బౌటుకు ఎవరిని వేయాలో నిర్ణయించే చోటే అవకతవక జరిగిందని, మాట వినేవాళ్లను ముందుగానే ఎంచి కూర్చోబెట్టారని తేల్చింది. ఐదుగురినీ నువ్వే ఎంచుకున్నాక అందులో ఏ ముగ్గురు పడితే ఏమిటి?

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో పాత అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య గుర్తింపును నిలిపేసింది, 2023లో పూర్తిగా తీసేసింది. టోక్యో, పారిస్ పోటీలను తానే నడిపించుకుంది. ఐదుగురి స్కోర్లూ లెక్కలోకి తెచ్చింది, రౌండు రౌండుకూ తెరమీద చూపించింది. 2023లో పుట్టిన వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త సమాఖ్యకు 2025 ఫిబ్రవరిలో తాత్కాలిక గుర్తింపు దక్కింది, మరుసటి నెలలోనే 2028 లాస్ ఏంజిలెస్‌లో బాక్సింగ్ ఉంటుందని ఖాయమైంది. ఒక రెఫరీకి దీని అర్థం చాలా పచ్చిగా ఉంటుంది: తన దేశ సమాఖ్య ఎటు చేరితే తన దారీ అటే. పదిహేనేళ్లు కష్టపడి సంపాదించిన నక్షత్రాలు ఏ సంస్థ ఇచ్చిందో ఆ సంస్థకు ఒలింపిక్స్‌లో చోటు లేదు.

ఆ 36 మంది సంగతి నన్ను ఇంకా వదల్లేదు. అందులో నిజాయితీగా స్కోరు వేసినవాళ్లు కూడా ఉండి తీరాలి. కానీ వాళ్లు ఆ మాట ఎలా నిరూపించుకోగలరు? ఒక బాక్సర్ ఎన్ని గెలిచాడో, ఎన్ని ఓడాడో, ఏ రౌండులో ఓడాడో ఎవరైనా నిమిషంలో చూసుకోవచ్చు. ఒక జడ్జి ఎన్నిసార్లు మిగతా నలుగురితో ఏకీభవించాడు, ఎన్నిసార్లు ఒంటరిగా నిలిచాడు, ఒంటరిగా నిలిచినప్పుడు వీడియో ఎవరివైపు ఉంది అన్న లెక్కను సమాఖ్యలు తమ దగ్గరే ఉంచుకుంటాయి. రౌండు ముగియగానే అంకెలు తెరమీదికొస్తున్నాయి, బౌటు ముగియగానే చెరిగిపోతున్నాయి. వాటిని పేర్లతో సహా ఏళ్ల తరబడి ఒకచోట పేర్చి అందరి ముందూ పెట్టడానికి యంత్రం కొనక్కర్లేదు.